కేంద్రము – రాష్ట్రములు: అధికారముల పంపకము

ఒక గ్రామములోని సామాన్య రైతు దినచర్యను కొంచెము పరిశీలింతము. ఉదయమున తపాలా జవాను వచ్చి, దూరమున నున్న కుమారుడు వ్రాసిన ఉత్తరమును చేతికిచ్చును. ఆ జవాను కేంద్ర ప్రభుత్వపు సేవకుడు. రైతు పొలమునకు బయలుదేరును. ఆ పొలముపై అతనికి గల పట్టా హక్కు, పొరుగువానితో గల గట్టు తగవు రాష్ట్ర ప్రభుత్వమునకు సంబంధించిన విషయములు. పొలమునకు పారు కాలువ రాష్ట్రముదే. కాని ఆ కాలువకు నీరిచ్చు నది రెండు మూడు రాష్ట్రములగుండ ప్రవహించునదైనచో, నీటి పంపకమున కేంద్రమునకును ప్రమేయము కలదు. బావిపై మోటారును నడుపు విద్యుచ్ఛక్తి ఉభయ ప్రభుత్వములకును చెందిన విషయము. చిన్నకుమారుడు చదువుకొను పాఠశాల తొలుత రాష్ట్రమునకు మాత్రమే చెంది, 1976లో జరిగిన రాజ్యాంగ సవరణవలన ఉభయులదైనది. సంతలో తగాదా వచ్చినచో వచ్చు పోలీసు జవాను రాష్ట్రమువాడు. పట్టణమునకు పోవుటకు ఎక్కు రైలు కేంద్రముది.

రైతు ఈ భేదముల నేవియు గణింపడు. అతనికి అన్నియు కలిసి ఒకటే సర్కారు. మేలు జరిగినచో సర్కారు చేసినదనును. కీడు జరిగినచో సర్కారు చేయలేదనును. అతని మాటలో తప్పులేదు. పన్ను కట్టువాడు ఒక్కడే. ఓటు వేయువాడును ఒక్కడే. కాని ఆ ఒక్క సర్కారు వెనుక రెండు ప్రభుత్వములున్నవి. పని జరుగనపుడు ఒకరు వేరొకరి వైపు వ్రేలు చూపినచో, నడుమ నష్టపోవువాడు ఈ రైతే. అందువలన అధికార విభజన అనునది న్యాయవాదులకును శాసనసభ్యులకును మాత్రమే సంబంధించిన చర్చ కాదు. అధికారమును పంచుట యనగా బాధ్యతను పంచుటయే. ఎవరి బాధ్యత ఎంతవరకో పౌరునికి తెలియనిచో, అతడు ఎవరిని అడుగవలెనో, ఎవరిని గద్దె దింపవలెనో తెలియదు.

మన దేశమున ఈ పంపకము ఎట్లు ఏర్పడినదో ముందుగా తెలిసికొనవలెను. ఆంగ్లేయుల పాలనలో అధికారమంతయు చాలకాలము గవర్నరు జనరలు చేతిలోనే యుండెను. 1919 నాటి చట్టము రాష్ట్రములలో ద్వంద్వ ప్రభుత్వమును నెలకొల్పినది. విద్య, ఆరోగ్యము, వ్యవసాయము, స్థానిక స్వపరిపాలనము వంటి శాఖలు ప్రజలచే ఎన్నుకొనబడిన మంత్రులకు అప్పగింపబడినవి. ధనశాఖ, పోలీసు శాఖ, భూమిశిస్తు గవర్నరు చేతిలోనే నిలిచినవి. అనగా బడి కట్టవలసినవాడు ఒకడు, పెట్టె తాళపుచెవి గలవాడు మరియొకడు. పని ఒకరికిని, పైకము ఒకరికిని అను ఈ చిక్కు మన చరిత్రలో అప్పుడే మొదలైనది. అది పూర్తిగా తీరినదని నేటికిని చెప్పజాలము.

1935 చట్టము ద్వంద్వ ప్రభుత్వమును రాష్ట్రములలో తొలగించి, అధికారములను మూడు జాబితాలుగా విభజించెను. సమాఖ్య జాబితాలో 59, రాష్ట్ర జాబితాలో 54, ఉమ్మడి జాబితాలో 36 విషయములుండెను. తరువాత 1946 మే నెలలో బ్రిటిషు మంత్రివర్గ రాయబారము ప్రకటించిన పథకములో కేంద్రమునకు రక్షణ, విదేశ వ్యవహారములు, రాకపోకల సౌకర్యములు మాత్రమే మిగిలినవి. తక్కిన యధికారములన్నియు రాష్ట్రములకే. దేశమును అవిభక్తముగా నుంచవలెనను ఆశతో ప్రతిపాదింపబడిన బలహీన కేంద్రమది. 1947 జూన్ 3వ తేదీన దేశ విభజన నిర్ణయము కాగానే ఆ కారణము తొలగిపోయెను. అటుపిమ్మట జవహర్‌లాల్ నెహ్రూగారి అధ్యక్షతన గల కేంద్రాధికారముల సంఘము బలమైన కేంద్రము అవసరమని జూలై నెలలో నివేదించెను. ఎల్లెడల శరణార్థులు, ఆహారపు కరవు, విలీనము కావలసిన వందల సంస్థానములు — ఇట్టి కాలమున పుట్టిన రాజ్యాంగము కేంద్రమువైపు మొగ్గుటలో ఆశ్చర్యము లేదు.

1950 జనవరి 26వ తేదీనుండి అమలులోనికి వచ్చిన రాజ్యాంగము మొదటి అధికరణముననే భారతదేశమును రాష్ట్రముల యూనియన్ అని పేర్కొన్నది. సమాఖ్య అను మాటను బుద్ధిపూర్వకముగనే వాడలేదు. ఇది రాష్ట్రములు తమలో తాము ఒడంబడిక చేసికొని ఏర్పరచిన కూటమి కాదనియు, అందుచేత విడిపోవు హక్కు ఏ రాష్ట్రమునకును లేదనియు డాక్టరు అంబేద్కరుగారు 1948 నవంబరులో రాజ్యాంగ నిర్మాణ సభకు వివరించిరి. అమెరికాలో రాష్ట్రములు ముందు పుట్టినవి, కేంద్రము తరువాత పుట్టినది. మన దేశమున పెద్దింటినుండి గదులు విభజింపబడినవి. ఈ భేదమును గ్రహించినచో తరువాతి కథ సులభముగా బోధపడును.

ఏడవ షెడ్యూలులో మరల మూడు జాబితాలే. ఆరంభమున కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 విషయములుండెను. తరువాతి సవరణలవలన ఈ సంఖ్యలు కొంత మారినవి. సైన్యము, విదేశ వ్యవహారములు, నాణెములు, రైళ్లు, తపాలా, ఆదాయపు పన్ను కేంద్రమునకు. శాంతిభద్రతలు, ప్రజారోగ్యము, వ్యవసాయము, భూమి, స్థానిక సంస్థలు రాష్ట్రములకు. క్రిమినలు చట్టము, వివాహము, కార్మిక సంక్షేమము, విద్యుచ్ఛక్తి ఉభయులకు. ఏ జాబితాలోను చేరని అవశిష్టాధికారములు అమెరికాలో రాష్ట్రములవి. మన దేశమునను కెనడాలోను కేంద్రమువి. ఉమ్మడి విషయమున రెండు శాసనములు పరస్పర విరుద్ధముగా నున్నచో కేంద్ర శాసనమే చెల్లును. రాష్ట్రపతి ఆమోదము పొందిన రాష్ట్ర శాసనమునకు మాత్రము ఆ రాష్ట్రమున మినహాయింపు కలదు. ఆ మినహాయింపును సైతము పార్లమెంటు తరువాతి శాసనముచే తొలగింపవచ్చును.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినదని మన పెద్దలు చెప్పిన సామెత కలదు. ఇద్దరి సొత్తు అయినదానిని ఇద్దరును చూడక పోవుదురని దాని భావము. రాజ్యాంగపు ఉమ్మడి జాబితా విషయమున కథ వేరుగా నడచినది. అచ్చట గొర్రె చావలేదు. పెద్దన్న కొట్టమునకు చేరినది. 1976లో నలుబది రెండవ సవరణద్వారా విద్య, అడవులు, తూనికలు కొలతలు, వన్యమృగ పక్షి సంరక్షణ, న్యాయస్థానముల ఏర్పాటు అను ఐదు విషయములు రాష్ట్ర జాబితానుండి ఉమ్మడి జాబితాకు మారినవి. అత్యవసర పరిస్థితి అమలులో నున్న కాలమున, ప్రతిపక్ష నాయకులనేకులు చెరసాలలో నుండగా జరిగిన మార్పు ఇది. మార్పు మంచిదా చెడ్డదా అను ప్రశ్న అటుంచి, అట్టి సమయమున జరుగవలసినదా అను ప్రశ్న నేటికిని సమంజసమే.

రాష్ట్ర జాబితాలోనికి కేంద్రము ప్రవేశింపగల ద్వారములు మరికొన్ని యున్నవి. జాతీయ ప్రయోజనమునకై అవసరమని రాజ్యసభ, హాజరై ఓటు వేసిన సభ్యులలో మూడింట రెండు వంతుల బలముతో తీర్మానించినచో, పార్లమెంటు రాష్ట్ర విషయముపై ఒక యేడాది కాలమునకు శాసనము చేయవచ్చును. రెండు లేక అంతకు మించిన రాష్ట్రములు కోరినను చేయవచ్చును. 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టము ఆ విధముగా పుట్టినదే. విదేశములతో చేసికొన్న ఒప్పందములను అమలుపరచుటకు ఏ విషయముపైననైనను చేయవచ్చును. ఇవి యన్నియు అవసరమైన ద్వారములే. అయితే ద్వారము అవసరమునకు తెరచుటకే గాని, ఎప్పుడును తెరచి యుంచుటకు గాదు.

ఇక రాష్ట్రముల ఉనికికే సంబంధించిన విషయమొకటి కలదు. మూడవ అధికరణము ప్రకారము క్రొత్త రాష్ట్రమును ఏర్పరచుటకు, ఉన్న రాష్ట్రపు సరిహద్దులను మార్చుటకు, పేరును మార్చుటకు సైతము పార్లమెంటునకు అధికారము కలదు. ఇందుకు సామాన్యమైన మెజారిటీ చాలును. సంబంధిత శాసనసభ అభిప్రాయమును తెలిసికొనవలెను; కాని దానికి బద్ధులు కానక్కరలేదు. ఈ అధికరణముయొక్క బలమును తెలుగువారు అనుభవించినంతగా మరెవ్వరును అనుభవింపలేదేమో. 1952 అక్టోబరు 19వ తేదీన నిరాహారదీక్ష నారంభించిన పొట్టి శ్రీరాములుగారు డిసెంబరు 15వ తేదీన ప్రాణములు విడిచిరి. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ఫజలాలీ సంఘపు నివేదిక వెలువడిన పిమ్మట, 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాజ్యపు తెలంగాణ ప్రాంతము చేరి ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. 2014 జనవరి 30వ తేదీన ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్విభజన బిల్లును త్రోసిపుచ్చెను; ఐనను ఫిబ్రవరిలో పార్లమెంటు దానిని ఆమోదించెను; జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రము జన్మించెను.

ఈ మూడు ఘట్టములను కలిపి చూచినచో ఒక సత్యము గోచరించును. ఒక్కొక్కసారి రాష్ట్రములోని అల్పసంఖ్యాక ప్రాంతపు ఆకాంక్ష నెరవేరుటకు కేంద్రపు చేయి అవసరమైనది. శాసనసభ సమ్మతి తప్పనిసరి యైనచో, మద్రాసునుండి ఆంధ్రము గాని, ఆంధ్రప్రదేశ్ నుండి తెలంగాణ గాని అంత సులభముగా వెలువడెడివి కావు. మరియొకవైపు, ఒక రాష్ట్ర శాసనసభ కాదన్న విషయము ఆ రాష్ట్రముపైనే అమలగుట సమాఖ్య భావమునకు సరిపడునా అను సందేహమును కొట్టివేయుటకు వీలులేదు. మనకు మేలైనపుడు కేంద్రాధికారమును పొగడి, కీడైనపుడు తెగడుట మానవ సహజము. కాని సూత్రమును నిర్ణయించునపుడు మన కిష్టమైన ఫలితమును మాత్రమే చూచుట న్యాయము కాదు.

మూడువందల యేబది ఆరవ అధికరణము చరిత్ర మరింత గంభీరమైనది. ఒక రాష్ట్రమున రాజ్యాంగానుసారముగా పాలన సాగుట అసాధ్యమైనచో రాష్ట్రపతి ఆ ప్రభుత్వమును తన చేతిలోనికి తీసికొనవచ్చునని దాని సారాంశము. ఇది వాడుకలోనికి రాక, నిర్జీవాక్షరముగా మిగిలిపోవలెనని అంబేద్కరుగారు ఆశించిరి. ఆ ఆశ ఫలింపలేదు. 1951లో పంజాబుతో ప్రారంభమై నేటివరకు వందసార్లకు మించి ఇది ప్రయోగింపబడినది. 1954 నవంబరులో ప్రకాశంపంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటుతో ఓడిపోగా, ఆంధ్రరాష్ట్రమున రాష్ట్రపతి పాలన వచ్చెను. 1959 జూలైలో కేరళమున శాసనసభలో మెజారిటీ యున్న నంబూద్రిపాదుగారి ప్రభుత్వమే తొలగింపబడెను. 1977లో కేంద్రమున అధికారమునకు వచ్చిన జనతాపక్షము తొమ్మిది రాష్ట్ర ప్రభుత్వములను తొలగించెను. 1980లో తిరిగి వచ్చిన కాంగ్రెసు తొమ్మిదింటిని తొలగించి బదులు తీర్చుకొనెను. ఈ విషయమున ఏ పక్షమును మరియొక పక్షమునకు పాఠము చెప్పగల స్థితిలో లేదు.

1984 ఆగస్టు 16వ తేదీన ఆంధ్రప్రదేశ్ గవర్నరు ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుగారిని పదవినుండి తొలగించిరి. తనకు గల బలమును శాసనసభలో నిరూపించుకొనుటకు వారికి అవకాశ మియ్యబడలేదు. నెలదినముల ప్రజాందోళన పిమ్మట సెప్టెంబరు 16వ తేదీన వారు మరల ప్రమాణస్వీకారము చేసిరి. బలము రాజభవనమున లెక్కింపదగినది కాదు, సభలో లెక్కింపదగినది అను సామాన్య సత్యమును ఆ నెలదినములు దేశమునకు బోధించినవి. 1994 మార్చి 11వ తేదీన బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఆ సత్యమునకే శాసన గౌరవమును చేకూర్చినది. మెజారిటీ సభలోనే తేలవలెను. రాష్ట్రపతి ప్రకటన న్యాయస్థాన పరిశీలనకు లోబడినది. పార్లమెంటు ఉభయసభలు ఆమోదించువరకు శాసనసభను రద్దుచేయరాదు. సమాఖ్య స్వభావము రాజ్యాంగపు మౌలిక స్వరూపములో భాగము — ఇవి ఆ తీర్పులోని ముఖ్యాంశములు. ఆ తరువాత ఈ అధికరణపు ప్రయోగము బాగుగ తగ్గినది. ఒక్క తీర్పు దేశపు అలవాటును మార్చగలదనుటకు ఇది నిదర్శనము.

ఇక అసలు చిక్కు ధనమునకు సంబంధించినది. వడ్డించువాడు తనవాడైనచో కడబంతిని కూర్చున్నను లోటుండదని సామెత. వడ్డించువాడు తనవాడు కానిచో ఏమగునో రాష్ట్రములకు బాగుగ తెలియును. ఆదాయపు పన్ను, కంపెనీల పన్ను, కస్టమ్సు సుంకములు వంటి పెరిగెడి రాబడులు కేంద్రమువి. బడులు, ఆసుపత్రులు, పోలీసు, వ్యవసాయము, త్రాగునీరు వంటి పెరిగెడి ఖర్చులు రాష్ట్రములవి. ఉభయ ప్రభుత్వముల మొత్తము వ్యయములో రమారమి ఐదింట మూడు వంతులు రాష్ట్రముల చేతిమీదుగా జరుగును. స్వంతముగా వసూలు చేసికొను రాబడిలో వాటి వంతు ఐదింట రెండు వంతులకు లోపే.

రాజ్యాంగ నిర్మాతలు ఈ వెలితిని ఎరిగియే, 280వ అధికరణముద్వారా ఐదేండ్ల కొకసారి ఆర్థిక సంఘమును నియమింపవలెనని విధించిరి. 1951లో కె.సి. నియోగీగారి అధ్యక్షతన ఏర్పడిన మొదటి సంఘము ఆదాయపు పన్నులో నూటికి 55 వంతులు రాష్ట్రములకు పంచవలెనని సిఫారసు చేసెను. నాలుగవ సంఘమునకు అధ్యక్షులైన పి.వి. రాజమన్నారుగారు మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారు, తెలుగు నాటకకర్తలు. వారి సంఘము ఆ వాటాను 75 వంతులకు పెంచెను. తరువాత 1969లో తమిళనాడు ప్రభుత్వము కేంద్ర రాష్ట్ర సంబంధములను విచారించుటకు వారి అధ్యక్షతననే సంఘమును నియమించెను. అవశిష్టాధికారములు రాష్ట్రములకే చెందవలెననియు, మూడువందల యేబది ఆరవ అధికరణమును తొలగింపవలెననియు 1971లో ఆ సంఘము చేసిన సూచనలు ఆనాడు సాహసోపేతములుగా తోచినవి.

2000 సంవత్సరమున జరిగిన ఎనుబదవ సవరణవలన ఏదో ఒకటి రెండు పన్నులు గాక, కేంద్రపు పన్నుల రాబడి మొత్తము పంపకమునకు లోబడినది. మరియొక తెలుగు ప్రముఖులు వై.వి. రెడ్డిగారి అధ్యక్షతన గల పదునాలుగవ సంఘము రాష్ట్రముల వాటాను నూటికి 32 నుండి 42కు పెంచినది. పదునైదవ సంఘము, జమ్మూ కాశ్మీరు కేంద్రపాలిత ప్రాంతముగా మారిన పిదప, దానిని 41గా నిర్ణయించినది. కాని ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. కేంద్రము విధించు సెస్సులు, సర్‌ఛార్జీలు ఈ పంపకములోనికి రావు. 2011కు తరువాతి దశాబ్దములో కేంద్రపు మొత్తము పన్నులలో వీటి భాగము దాదాపు రెట్టింపైనది. పాయసములో వాటా పెంచి, పాయసపు గిన్నెను చిన్నది చేసినట్లయినది.

రాష్ట్రముల మధ్య పంపకము మరియొక ధర్మసంకటము. పదునైదవ సంఘపు లెక్కలో ఉత్తరప్రదేశ్‌కు నూటికి 17.939, బీహారుకు 10.058, ఆంధ్రప్రదేశ్‌కు 4.047, తెలంగాణకు 2.102 వంతులు లభించినవి. ఆదాయము తక్కువగా నున్న రాష్ట్రమునకు ఎక్కువ ఇయ్యవలెనను సూత్రమునకు ఆ సంఘము నూటికి 45 వంతుల ప్రాధాన్య మొసగినది. జనాభాను అదుపులో నుంచుకొని, పన్నులు బాగుగ వసూలు చేసికొనుచున్న తమకు ఇది శిక్షగా నున్నదని దక్షిణాది రాష్ట్రములవారు వాపోవుచున్నారు. బీహారులోని పేద బిడ్డ చదువు మాత్రము ఈ దేశపు బాధ్యత కాదా అని రెండవ పక్షమువారు ప్రశ్నించుచున్నారు. ఈ రెండు మాటలలోను న్యాయమున్నది. ఇట్టి తగవును తీర్చుటకే నిష్పాక్షికమైన కేంద్రము కావలెను. ఆ కేంద్రమును నమ్మునట్లు చేయుటకే స్పష్టమైన సూత్రములు కావలెను.

రాష్ట్రములకు తమదిగా మిగిలిన పెద్ద రాబడి అమ్మకపు పన్ను. 1939లో మద్యనిషేధమువలన పోయిన ఆదాయమును పూడ్చుకొనుటకు రాజగోపాలాచారిగారి ప్రభుత్వము మద్రాసు రాష్ట్రమున సామాన్య అమ్మకపు పన్నును ప్రవేశపెట్టెను. క్రమముగా అది అన్ని రాష్ట్రములకును వెన్నెముక యైనది. 2016లో నూట ఒకటవ సవరణ జరిగి, 2017 జూలై 1వ తేదీనుండి వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చినది. రాష్ట్రములు పన్ను రేటును స్వతంత్రముగా నిర్ణయించు హక్కును చాలవరకు వదలుకొన్నవి. బదులుగా ఉమ్మడి మండలిలో స్థానమును పొందినవి. ఆ మండలిలో కేంద్రపు ఓటునకు మూడింట ఒక వంతు, రాష్ట్రముల ఓట్లన్నిటికిని కలిపి మూడింట రెండు వంతుల బలము. తీర్మానమునకు నాల్గింట మూడు వంతుల బలము కావలెను. అనగా కేంద్రము కాదన్నచో ఏదియు జరుగదు. రాష్ట్రములలో తగినన్ని కలిసి కాదన్నను జరుగదు. ఐదేండ్లపాటు నష్టపరిహారము చెల్లింతుమను హామీ 2022 జూన్‌తో ముగిసినది. ఆ మండలి సిఫారసులు శాసనసభలను కట్టివేయజాలవని, వాటికి నచ్చచెప్పు విలువ మాత్రమే కలదని 2022 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పినది. పెత్తనము చేయుటకంటె ఒప్పించుట ముఖ్యమను మాట అందు ఇమిడియున్నది.

నీటి విషయమును విస్మరింపరాదు. కృష్ణానది మహారాష్ట్రమున పుట్టి, కర్ణాటకముగుండ ప్రవహించి, తెలుగునేలను తడిపి సముద్రమున చేరును. 1956 నాటి చట్టము ననుసరించి 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునలు, 75 శాతము నమ్మకముగా లభించు 2060 టి.ఎం.సి.ల జలమును మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800గా పంచిపెట్టెను. ఈ 800లో తెలుగు రాష్ట్రములు రెండింటికిని ఎంతెంత యను తగవు 2014 తరువాత తలయెత్తినది. నది మన పరిపాలనా సరిహద్దులను ఎరుగదు. ఎగువవాడు తన హక్కునే, దిగువవాడు తన అనుభవమునే చెప్పుకొనునపుడు, ఇద్దరికిని వెలుపల నుండి న్యాయము చెప్పు వ్యవస్థ లేనిచో పంటచేలలో ఎండిపోవునది రైతు కష్టమే. బలమైన కేంద్రము అక్కరలేదనువారు ఈ ఒక్క ఉదాహరణమును ఆలోచించినచో చాలును.

అట్లని కేంద్రము తన యిష్టానుసారముగ నడువవచ్చునని అర్థము కాదు. 1983లో నియమింపబడిన సర్కారియా కమిషను ఈ సంబంధములను సుదీర్ఘముగా విచారించి, రాజ్యాంగమును తలక్రిందులు చేయుటకంటె, దానిలో ఉన్న సంప్రదింపు మార్గములను సక్రమముగా వినియోగించుకొనుట మేలని చెప్పినది. 263వ అధికరణము క్రింద అంతర్రాష్ట్ర మండలిని స్థాపింపవలెనని గట్టిగా సిఫారసు చేసినది. రాజ్యాంగము పుట్టిన నలుబది ఏండ్లకు, 1990లో అది ఏర్పడినది. దాని పదునొకండవ సమావేశము 2016 జూలైలో జరిగినది. ఆ తరువాత ఏండ్ల తరబడి సమావేశమే లేకపోయినది. ఉమ్మడి కుటుంబమున అన్నదమ్ములు కలిసి భోజనమునకు కూర్చుండుట మానినచో, తగవులు వీధికెక్కును, పిమ్మట కోర్టుకెక్కును. నేడు జరుగుచున్నదదియే.

చివరగా ఒక మాట. అది రాష్ట్రములకు కొంచెము చేదుగా నుండవచ్చును. ఢిల్లీ తమకు అధికారములు ఇచ్చుటలేదని వాపోవు రాష్ట్రములు, తమ గ్రామములకు ఏమి ఇచ్చుచున్నవి? 1959లో రాజస్థానము తరువాత పంచాయతీరాజ్ వ్యవస్థను నెలకొల్పిన ఖ్యాతి ఆంధ్రప్రదేశ్‌ది. 1993లో అమలులోనికి వచ్చిన డెబ్బదిమూడవ సవరణ గ్రామ పంచాయతీల కప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. డెబ్బదినాలుగవ సవరణ పురపాలక సంఘములకు 18 విషయములను పేర్కొన్నది. కేంద్రపు ఆర్థిక సంఘమువలెనే ప్రతి రాష్ట్రమును ఐదేండ్ల కొకసారి తన ఆర్థిక సంఘమును నియమింపవలెనని విధించినది. ఐనను ఎన్నికలు సకాలమున జరుపక, నిధులు విడుదల చేయక, సర్పంచులను కుర్చీలకు మాత్రమే పరిమితము చేయు రాష్ట్రములు లేకపోలేదు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడను సామెత ఇచ్చట చక్కగా వర్తించును. కేంద్రమును ఏ న్యాయము అడుగుచున్నామో, ఆ న్యాయమును మన క్రిందివారికి మనమును చేయవలెను. లేనిచో అధికార వికేంద్రీకరణమనునది రాజధానుల నడుమ బేరముగనే మిగిలిపోవును.

మరల మన రైతునొద్దకు వత్తము. అతడు ఏడవ షెడ్యూలును చదువనక్కరలేదు. కాని తన ఊరి బడిలో ఉపాధ్యాయుడు లేనపుడు, కాలువ చివరి పొలమునకు నీరు రానపుడు, అతడు అడుగవలసిన ప్రశ్నలు మూడు: ఈ పని ఎవరిది? దీనికి కావలసిన సొమ్ము ఎవరియొద్ద నున్నది? జరుగనిచో జవాబు చెప్పవలసినవాడెవడు? ఈ మూడింటికిని ఒకే జవాబు వచ్చినచో అధికార విభజన సక్రమముగా నున్నదనుకొనవచ్చును. మూడు ప్రశ్నలకు మూడు వేరువేరు జవాబులు వచ్చినచో ఎచ్చటనో పంపకము చెడినదని గ్రహింపవలెను. ఆ లోపమును సరిదిద్దుకొను శక్తి మన రాజ్యాంగమునకు కలదు. దానిని అడిగి చేయించుకొను శక్తి మాత్రము ఓటువేయు పౌరునికే యున్నది.